మామ గిటారు పిడికి నేను వేయించిన మాటు

మా చిన్నప్పుడు... అంటే అరవైల్లో, పులికాట్ సరస్సు ఒడ్డున మా పల్లెకి ఇంకా కరెంటు రాలేదు. అలాంటి ఊరికి మా మామ కరెంటు గిటారు పట్టుకొచ్చాడు! మా నాయన చేపల బుట్ట దించుతూ చూసి, "దీన్ని యాడ గుచ్చుతావు బామ్మర్దీ, సరస్సులోనా?" అన్నాడు.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. మా ఇంట్లోనే ఉంటూ, నెల్లూరులో పెళ్ళిళ్ళకి వాయించే పార్టీకి పోయి వస్తుండేవాడు. మద్రాసులో పాత గిటారు కొన్నాడు. దాని తీగల పక్కన ఒక ఇనప పిడి, పిడి కింద స్ప్రింగు. పిడి నొక్కి వదిలితే స్వరం సన్నగా వణికేది... ఆ వణుకు కోసమే కొన్నాడట. కరెంటు లేకపోయినా, నేను చెక్కకి చెవి ఆనించి వినేదాన్ని.

ఏం లాభం... మా ఉప్పుగాలికి స్ప్రింగు తుప్పు పట్టింది. నొక్కిన పిడి పూర్తిగా వెనక్కి రాదు, తీగలన్నీ శ్రుతి తప్పుతాయి. ఆముదం పోసినా అంతే. ఇంకోసారి ఇలా అయితే వేరేవాణ్ణి పెట్టుకుంటామని పార్టీ పెద్ద చెప్పేశాడట. రెండు రోజుల్లో పెళ్ళి కచేరీ. మామ అన్నం ముందు కూర్చుని, "ఏం చేసినా నిలవడం లేదక్కా" అన్నాడు అమ్మతో.

ఆయన చెప్పింది శ్రుతి గురించి. నాకు అర్థమైంది పిడి గురించి! ఊగేదాన్ని ఊగకుండా చేస్తే సరిపోతుంది కదా అనుకున్నాను. తొమ్మిదేళ్ళ బుర్ర మరి...

మర్నాడు మామ కొత్త స్ప్రింగు కోసం సూళ్ళూరుపేట సైకిలు షాపుకి పోయాడు. అదే పూట, చిల్లుపడ్డ బిందెలకు మాట్లు వేసే తాత మా వీధిలో కొలిమి పెట్టాడు. అమ్మ ఇచ్చిన బిందె ఆయనకిచ్చేసి, మళ్ళీ వచ్చి గిటారు మోసుకెళ్ళాను. నిలిచేటట్టు చెయ్యమన్నాను.

తాత పిడి ఊపి చూశాడు. "కదలకూడదు, అంతే గదా పాపా? నీకు మనవలు పుట్టినా కదల్దు, పో" అన్నాడు. స్ప్రింగు పీకేసి, ఇత్తడి ముక్క పెట్టి మాటేశాడు.

మామ వచ్చి పిడి నొక్కాడు. కదల్లేదు. రెండు చేతులతో నొక్కాడు. నేను గొప్పగా "నిలిచింది మామా" అన్నాను. ఆయన నన్ను చూసిన చూపులో కోపమో, ఏడుపో, నవ్వో... ఇప్పటికీ తెలియదు. అమ్మ మాత్రం నా వీపు విమానం మోత మోగించింది.

తర్వాత మామ తీగలు బిగించి గంటసేపు వాయించాడు. శ్రుతి చెక్కు చెదరలేదు! కచేరీ బాగా జరిగింది. పార్టీలో ఆయన చోటు ఆయనకే ఉంది. మరి ఆ మాటు ఊడదీసి కొత్త స్ప్రింగు వేసుకోవచ్చు కదా? ఎందుకు వేసుకోలేదని ఒకసారి అడిగాను. "అదీ తుప్పు పడితే? బతకాల గదా పాపా" అన్నాడు. మెచ్చుకున్నాడా, ఓదార్చాడా... ఏమో.

ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు ఆయన వాయించగా చూశాను. పాట చివర్లో ఆయన చిటికెన వేలు ఆ కదలని పిడి మీదికి పోయి, ఒక్కసారి నొక్కి వచ్చేది.

ఇప్పుడు తుప్పు పట్టని పిడులు వచ్చాయట, ఎన్నిసార్లు నొక్కినా శ్రుతి పోదట. మొన్న ఒక షాపులో నొక్కి చూశాను... తీగ వణికింది. అడుగుదామంటే మామ లేడు. ఆయనకి నేను మేలు చేశానా, కీడు చేశానా? మీరూ ఎవరికైనా ఇలా ప్రేమగా ఏదైనా బాగుచేసి పెట్టి ఉంటే చెప్పండి... నాకు కాస్త తోడుగా ఉంటుంది.