యాభయ్యో నవలకు చివరి పదహారు పేజీలు

ఆ రోజుల్లో నాకు నవల చదవడం మీద ఎంత ఇష్టమో, చదివేసిన నవల పేరును పట్టికలో ఎక్కించడం మీద అంతకు రెండింతలు మోజు. హిందూపురం నుంచి పెనుకొండకు రోజూ ప్యాసింజర్ రైల్లో పోయివచ్చే కంప్యూటర్ ఆపరేటర్ని. ఇరవై మూడేళ్లు. కొత్త సంవత్సరం పూట, ఈ ఏడు యాభై నవలలు చదువుతానని ఇంట్లో ప్రకటించాను. మా చిన్నక్క దోసె తిప్పుతూనే, "నువ్వా? క్యాలెండర్ ఎనకాల రాశిఫలాలు చదివేదానికే నీకి ఆర్నెల్లు పడతాది. చదవకపోతే వచ్చే ఏడంతా నా పిల్లోల్లిద్దరి హోంవర్కు నువ్వే చేపియ్యాల" అంది. (ఆ పిల్లల్ని చూసినవాళ్లెవరూ నా భయాన్ని తప్పుపట్టరు.)

మొదలుపెట్టాక మాత్రం ఒళ్లు తెలియలేదు. బోరుబావిలో నీళ్లు పడక మొండికేసిన రైతు నవల చదువుతూ రైల్లో ఏడుస్తుంటే, ఎదుటి సీటు పెద్దాయన ఏ చావు కబురో అనుకుని నా ఒడిలో గుప్పెడు వేరుశనక్కాయలు పోశాడు. ఒక సర్కస్ కుటుంబం కథలో మునిగి పెనుకొండలో దిగడం మరిచిపోయి ధర్మవరం చేరాను. మా మేనేజర్‌కు ఫోన్ చేసి కడుపునొప్పి అన్నాను. (ఆ నవల అంత నవ్వించింది, నొప్పి నిజమే.) అలా డిసెంబరు చివరి వారానికి నలభై తొమ్మిది అయ్యాయి.

యాభయ్యోది లైబ్రరీలో దొరికిన సన్నపాటి డిటెక్టివ్ నవల. నాటకం నడుస్తుండగా హార్మోనియం వాయించే ఆయన చచ్చిపోతాడు. డాక్టరు మీద అనుమానం, మరదలి మీద అనుమానం. సరిగ్గా డిటెక్టివు "హంతకుడు ఈ గదిలోనే ఉన్నాడు" అన్నచోట పుస్తకం అయిపోయింది. చివరి పదహారు పేజీలు లేవు. పుస్తకం పట్టుకుని పరుగెత్తితే లైబ్రేరియన్ మొదటి పేజీ చూపించాడు. ధర్మవరం నుంచి ఒక అవ్వ ఇచ్చిన పుస్తకమట, చిరునామా కూడా ఉంది. "ఆయమ్మకి కత తెలిసుంటాది. పొయ్యి అడుగు పాపా" అన్నాడు.

ఆదివారం పొద్దున్నే ధర్మవరం బండెక్కాను. అవ్వది నేతగాళ్ల ఇల్లు. ముందు గదిలో కొడుకు పట్టుచీర నేస్తున్నాడు, పక్కన కోడలు కండెలకు దారం చుడుతోంది. నేను వచ్చిన పని చెప్పగానే అవ్వ ముఖం వెలిగింది. "చెప్తాలే. నాకి కండ్లు కనపడక రెండేండ్లాయ. మొదుట్నించి చదివి వినిపియ్యి, కడాకు వస్తానే నేను చెప్తా" అంది.

చదివాను. గొంతు మార్చి, డాక్టరుకు ఒక గొంతు, మరదలికి ఒక గొంతు పెట్టి చదివాను. హార్మోనియం ఆగినచోట మగ్గం కూడా ఆగింది. కొడుకు "ఊఁ, తర్వాత?" అన్నాడు. కోడలు పప్పు పొయ్యి మీద పెట్టి మరిచింది, మాడిన పప్పుతోనే అందరం సంగటి తిన్నాం. ఎండ వాలేసరికి గడప దగ్గర ఇరుగుపొరుగు ఏడెనిమిది మంది చేరారు. చిరిగిన చోటికి వచ్చి ఆగాను. అందరూ అవ్వ వైపు తిరిగారు.

అవ్వ గొంతు సవరించుకుంది. "వంటమనిషి. వాన్ని ఎవరూ ఏమీ అడగల్యా చూడు, అందుకే వాడు తప్పించుకున్యాడు" అని మొదలుపెట్టి, విషం ఎట్లా కలిపాడో, ఎందుకు కలిపాడో అరగంట చెప్పింది. నాకు వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. కోడలు మెల్లగా, "పోయినసారి డాక్టరే చంపినాడంటివి కదత్తా" అంది.

అవ్వ చీర కొంగు సర్దుకుంది. "నేను కొన్నప్పుడే ఆ కాయితాలు లేవు పాపా. అప్పుట్నించి నేనే అల్లుకుంటాండా" అంది. కోపం రావాల్సింది. కానీ అప్పటికే గడప దగ్గర ఒకాయన, కాదు మరదలే అని వాదన మొదలుపెట్టాడు, నేనూ గొంతు పోయేదాకా వంటమనిషి పక్షాన నిలబడ్డాను. సాయంత్రం బండిలో పట్టిక తీసి యాభయ్యోది రాసుకున్నాను. చిన్నక్క ఒప్పుకోలేదు. "ముగింపు చదవలేదు కదా" అని హోంవర్కు నా మెడకే చుట్టింది.

ఇప్పుడు ఏటా నా నవలల లక్ష్యాన్ని ఫోనే లెక్కపెడుతుంది. అక్టోబరుకే పూర్తవుతుంది, తెర మీద రంగుకాగితాలు రాలతాయి. నేను ఒక్కదాన్నే చూసి, నవ్వుకుని, ఫోన్ పక్కన పెడతాను. పందెం ఓడిపోబోతోందని తెలియక, గొంతు బొంగురుపోయి, కిటికీ పక్కన కూర్చుని తనలో తనే మురిసిపోతూ హిందూపురం వెళుతున్న ఆ ఇరవై మూడేళ్ల పిల్లను, అప్పటి నన్ను, తలుచుకుంటే మాత్రం, ఇప్పటికీ కొంచెం అసూయగానే ఉంటుంది.