చూసుకో అంటే ఏమిటి?

మా యజమాని అనుమతి లేకుండా ఆఫీసు గడియారంలో ముల్లు కూడా కదలదని కూకట్‌పల్లిలో మా బంధువులకు చెప్పేవాణ్ని. కొంచెం పెంచి చెప్పిన మాటే. కదిలేది, కాకపోతే ముందు ఆయన గది వైపు ఓసారి చూసి కదిలేది. గచ్చిబౌలిలో ఒక అంతస్తు అద్దెకు తీసుకుని, రక్తపరీక్షల ల్యాబులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసే చిన్న కంపెనీ మాది. నేను టెస్టింగ్ చూసేవాణ్ని. బయటికి పోయే ప్రతి మెయిలూ ఆయన తెరిచి, ఒక కామా తీసేసి, మళ్లీ అక్కడే పెట్టి పంపేవాడు.

పక్క బిల్డింగులో మాలాంటిదే ఇంకో కంపెనీ. వాళ్ల పని మాకంటే గొప్పదేమీ కాదు. వాళ్ల దగ్గర మానేసినవాళ్లు మా దగ్గర చేరేవారు, మా దగ్గర మానేసినవాళ్లు అక్కడ. అయినా క్లయింట్లు ఒక్కొక్కరే అటు జారుకున్నారు. చివరికి ఒకే ఆశ మిగిలింది. ఊరూరా ల్యాబులున్న ఒక సంస్థ మాతో మాట్లాడుతోంది. అది వస్తే కంపెనీ ఉంటుంది, రాకపోతే లేదు. ఈ సంగతి క్యాంటీన్ పిల్లికి కూడా తెలుసు.

అలాంటప్పుడు మా యజమాని నాయకత్వం మీద ఏదో శిక్షణకు వెళ్లొచ్చాడు. పనులు అప్పగించనివాడు పోటీలో నిలవడని అక్కడ చెప్పారట. రాగానే మా టీమ్ లీడ్‌ని పిలిచాడు. ఆవిడ ఇక్కడి మనిషే, ఇప్పుడు అపార్ట్‌మెంట్లు లేచిన పల్లెల్లో ఒకదానిలో పుట్టింది. ఆ క్లయింటు సంగతంతా ఆవిడ చేతిలో పెట్టి, "ఇంక నువ్వే చూసుకోమ్మా" అని, బంధువుల పెళ్లికని సొంతూరు కడప వెళ్లిపోయాడు. ఫోన్ కూడా కట్టేశాడు. నాయకుడు దొరక్కపోతేనే కిందివాళ్లు ఎదుగుతారని కూడా చెప్పి ఉంటారు.

చిక్కల్లా ఆ 'చూసుకో' అన్న మాటతోనే. అన్నేళ్లూ మా ఆఫీసులో ఎవరైనా సొంతంగా ఏదైనా చేస్తే, ఆయన తలుపు దగ్గర నిలబడి మెల్లగా "చూసుకో మరి" అనేవాడు. అలా అనిపించుకున్నవాళ్లు మరుసటి పండక్కి మాతో ఉండేవారు కాదు.

మర్నాడు వీడియో కాల్‌లో క్లయింటు ఒక్కటే అడిగాడు, సోమవారం నుంచి మొదలుపెడతారా అని. మనుషులున్నారు, అంతా సిద్ధంగా ఉంది. అవునంటే చాలు. నేను పక్కన కూర్చుని కనుబొమలతోనే అవును అవును అంటున్నాను. నోటితో అనొచ్చు కదా అంటారేమో, నాకూ ఇంటి అద్దె ఉంది. ఆవిడ మ్యూట్ నొక్కి, "సార్‌ని అడగకుంటే ఎట్ల?" అంది. మళ్లీ మ్యూట్ తీసి, అడిగి చెప్తామంది. ఆ పూటంతా ఆయన ఫోన్‌కి చేస్తూనే ఉంది.

క్లయింటు సాయంత్రం దాకా ఆగలేదు. పక్క బిల్డింగులో ఎవరో టీమ్ లీడ్ సరేనని తలూపాడట. అక్కడ తలూపడానికి ఎవరినీ అడగక్కర్లేదు. వాళ్లు మాకంటే ముందున్నది అంతవరకే.

యజమాని తిరిగొచ్చి అందర్నీ కూర్చోబెట్టాడు. ముఖంలో కోపం లేదు. అదే ఎక్కువ భయపెట్టింది.

"నువ్వే చూసుకో అంటిని కదమ్మా."

"అన్నరు సార్. మీరు గట్లన్నంక ఇక్కడ ఎవరన్న మిగిలిండ్రా? భయపెడ్తున్నరనుకున్న."

తన మాట మా చెవుల్లో ఎలా పడుతోందో ఆయనకు ఆ రోజే తెలిసినట్టుంది. తర్వాత మా వైపు తిరిగి, "ఇప్పుడేం చేద్దామో మీరే చెప్పండప్పా" అన్నాడు. నిజంగానే అడిగాడు. లేనివి అల్లడంలో నాకు పేరుంది, ఆ పూట నేను కూడా పక్కవాళ్ల వైపే చూశాను. చివరికి అకౌంట్స్ చూసే పెద్దాయన గొంతు సవరించుకుంటే అందరం ఆశగా అటు తిరిగాం.

"మీరెలా చెప్తే అలాగేనండి," అన్నాడు.

అంతస్తు ఎప్పుడు ఖాళీ చెయ్యాలో కూడా యజమానే చెప్పాల్సి వచ్చింది.