మా మామగారి టోకు కొట్టు

మొన్న భంజనగర్ నుంచి వచ్చిన మా అమ్మాయి కొత్త చీపురు కోసం వంటింటి అటక వెతికి, దానికి బదులు ఒక కందిపప్పు బస్తా, ఒక సబ్బుల అట్టపెట్టె, మేమిద్దరం ఈ జన్మలో తాగలేనంత టీపొడి కిందికి దించింది. "ఉన్నది మీరిద్దరు. ఏటమ్మా ఇది, ఎవులికైనా పెళ్లి సేస్తన్నారా?" అంది. బరంపురంలో మేముండే హల్దియాపదర్‌లో, మా వీధి చివరే మంచి కొట్టు ఉంది. ఫోనులో నొక్కితే గుమ్మంలోకి సామాను తెచ్చేవాళ్లూ ఉన్నారు. అయినా రెండు ఆటోలు మారి, హైవే పక్కనున్న ఆ గోడౌనంత టోకు కొట్టుకే ఎందుకు పోతానో చెప్పబోయి, ఎక్కడ మొదలెట్టాలో తెలియక "అక్కడ పప్పు బాగుంటాదే" అన్నాను. అది నిజం కాదు. పప్పు ఎక్కడైనా ఒకటే.

ఆ కొట్టులోకి అందర్నీ రానివ్వరు. వ్యాపారం ఉన్నవాళ్లకు కార్డు ఇస్తారు, అది చూపిస్తేనే గేటు దాటనిస్తారు. మా ఆయనకు జిరాక్సు కొట్టు ఉంది కాబట్టి మాకు కార్డు వచ్చింది. అసలు వ్యాపారం మటుకు మా మామగారిది. హుమ్మ అనే ఊళ్లో, ఉప్పు మడులకు తిరిగే దారి మొగలో నలభై ఏళ్లు కిరాణా కొట్టు నడిపారు. తెలుగువాళ్లకు తెలుగులో, ఒడియావాళ్లకు ఒడియాలో ఆపకుండా కబుర్లు చెప్పేవారట. ‘అట’ ఎందుకంటున్నానంటే, ఆ కబుర్లు నేనెప్పుడూ వినలేదు. మా ఇళ్లలో మామగారు కోడలితో ఎదురుపడి మాట్లాడరు. మా ఇంటికి వచ్చినప్పుడు దాహమైతే గోడతో చెప్పేవారు: "ఎవులైనా నీళ్లిస్తే బాగుండును." నేను గ్లాసు బల్ల మీద పెట్టి పక్కకు తప్పుకునేదాన్ని. అత్తగారు ఉన్నన్నాళ్లు మా ఇద్దరి మధ్య మాటలు ఆవిడ మోసింది, ఆవిడ పోయాక గోడ మోసింది.

మతిమరుపు మొదలయ్యాక కొట్టు మూయించి ఆయన్ని బరంపురం తెచ్చుకున్నాం. ఇది తగ్గేది కాదు, ఓపిక పట్టండి అన్నాడు డాక్టరు. రోజూ పొద్దున్నే గేటు దగ్గర నిలబడి కొట్టు తాళాలు అడిగేవారు. "బేరాలొచ్చే ఏళయింది, తియ్యండి" అని గేటు పట్టుకుని ఊపేవారు. మా ఆయన పనికి పోయాక ఇంట్లో మామగారూ నేనూ. ఆయన అలా ఊపి ఊపి చిన్నపిల్లాడిలా ఏడుస్తుంటే, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకురావడానికి నాకు చెయ్యి రాదు, కోడల్ని కదా. దూరంగా నిలబడి నేనూ ఏడ్చేదాన్ని.

ఒక మంగళవారం జిరాక్సు కాగితం కట్టలు కావలసి వచ్చి, ఆయన్ని ఒంటరిగా వదల్లేక టోకు కొట్టుకు వెంటబెట్టుకు వెళ్లాను. కప్పుదాకా పేర్చిన బస్తాలు చూడగానే ఆయన నడుం నిటారైంది. తోపుడుబండి అందుకున్నారు. కందిపప్పు గుప్పిట్లోకి తీసుకుని ఊది, ఒక బద్ద కొరికి చూశారు. వంకరగా ఉన్న డబ్బాలను వరసలోకి తిప్పారు. ఆ రోజు ఇంటికొచ్చాక గేటు జోలికి పోలేదు. ఇక ప్రతి మంగళవారం అదే పని. హుమ్మ కొట్టుకు కావలసినవన్నీ బండిలో నింపేవారు, బిల్లు కట్టే చోటికి వచ్చేసరికి మరిచిపోయేవారు. అక్కడ పనిచేసే, గోపాలపూర్ వైపు చేపలవాళ్ల ఇంటి కోడలు ఒకావిడ, నేనూ కలిసి అవన్నీ తిరిగి అరల్లో పెట్టేవాళ్లం. ఇది ఆసుపత్రి కాదని మేనేజరు ఒకసారి ఒడియాలో విసుక్కున్నాడు. అతను అటు తిరగ్గానే ఆవిడ నా చెవిలో, "మీరు రండమ్మా. తాత సర్దినట్టు మాకే రాదు" అంది.

అలా ఒక మంగళవారం ఉప్పు ప్యాకెట్ల దగ్గర ఆగి, నా వైపు తిరిగి, సూటిగా ముఖంలోకి చూసి, "ఏ ఊరమ్మా మీది?" అన్నారు.

అడిగింది నన్నేనా అని వెనక్కి చూశాను. "బరంపురమేనండి" అన్నాను.

"ఇది కొనకు. ఒట్టి పిండి. మా హుమ్మ కల్లుప్పు అట్టుకెల్లు. ఆవకాయకి అదే మంచిది."

ఎక్కడి ధైర్యమో, "మీ ఇంట్లో ఆవకాయ ఎవులు పెడతారండి?" అని అడిగాను.

"మా కోడలు. గుప్పెడు ఉప్పెక్కువేస్తాది. నాను సెప్పను" అని నవ్వారు. ఆ నవ్వు అంత దగ్గరగా చూడడం నాకదే మొదలు. బండి మీద చేతులాన్చారు. "మంచి పిల్లమ్మా. మా ఆడది మంచాన పడితే ఏడాది సేసింది. ఒక్కపాలి ‘తిన్నావా అమ్మా’ అని అడగనేదు నాను. ఇప్పుడడిగితే బాగోదు కదా?"

నేనే ఆ కోడల్నంటే తల దించుకుని అటు తిరిగిపోతారు. అనకపోతే ఆ మాట ఎవరికో చెందిన మాటగా మిగిలిపోతుంది. "అడగండి. బాగుంటాది" అన్నాను.

"ఇంటికెల్లి అడుగుతాను" అన్నారు.

ఆటోలో ఆయన ఆ చివర, నేను ఈ చివర. ఇంటికొచ్చి అన్నం పెట్టి, తలుపు పక్కన మామూలు కన్నా ఎక్కువసేపే నిలబడ్డాను. తిన్నారు, చెయ్యి కడుక్కున్నారు, పడుకున్నారు.

తర్వాత ఎన్ని మంగళవారాలో ఆ ఉప్పు దగ్గర బండి ఆపాను. ఆయన ప్యాకెట్లు తిప్పి పెట్టేవారే కానీ నా వైపు తిరగలేదు. వానల్లో ఒకరోజు బండి పిడి పట్టుకుని, అదేమిటో తెలియనట్టు చూసి, బెదిరిపోయి నా కొంగు పట్టుకున్నారు. ఇక తీసుకెళ్లలేదు. చలి రాకముందే పోయారు.

నేను మాత్రం ఇంకా వెళుతున్నాను. ఆ వరసల మధ్య తిరిగి, ఊరికే రావడం బాగోదని ఏదో ఒకటి కొంటాను. ఒకే కప్పు కింద ఎన్నేళ్లు బతికామన్నది వేరు, ఒక మనిషితో ఎంత కాలం గడిపామన్నది వేరు. ఆయనతో నేను గడిపిన కాలం మొత్తం పావుగంట కూడా ఉండదు. అది ఎక్కడ గడిచిందో, కాళ్లు అక్కడికే పోతున్నాయి.