చెల్లెలి టమాటా ఎరుపు, నా ముగ్గురాయి తెలుపు

మా ఇద్దరిలో డిజైనరు ఎవరని అడిగితే కడపలో మా వీధి వీధంతా నా చెల్లెలి వైపే వేలు చూపిస్తుంది. నేనెవరంటే, మిషన్లు చూసుకునే అక్క. మేమిద్దరం ఒకే కాలేజీలో, రెండేళ్ళ తేడాతో, ఒకే నిట్‌వేర్ డిజైన్ కోర్సు చదివాం. మార్కులు నాకే ఎక్కువ వచ్చాయి. ఈ సంగతి ఎవరూ అడగరు కాబట్టి నేనే చెప్పుకోవాల్సి వస్తోంది.

చదువులయ్యాక ఇంటి వెనక రేకుల షెడ్డులో అల్లిక మిషన్లు పెట్టుకున్నాం. మా మేనమామ ఆ మాట విని పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఈ ఎండలకు ఒంటి మీద చొక్కానే బరువైతాంటే, మీరు స్వెట్టర్లు అల్లుతారా మే" అన్నాడు. మేం అల్లేది ఉన్ని కాదు, సన్నటి నూలు. ఏసీ గదుల్లో కూర్చునేవాళ్ళు వేసుకునే పల్చటి టాపులు, ముందు గుండీలుండే కార్డిగన్లు, చేతుల్లేని కోట్లు. బెంగళూరులో ఒక దుకాణం మా దగ్గర తీసుకునేది. డిజైన్ వాళ్ళదే, అల్లి ఇవ్వడం వరకే మాది.

కిందటేడు ఆ దుకాణం నడిపే ఆవిడ ఫోన్ చేసి, ఈసారి డిజైన్లు కూడా మీరే చేయండి అంది. ఒక్కొక్కరూ ఒక్కో కలెక్షన్ తయారు చేసి తెస్తే, రెండింట్లో ఒకటి తీసుకుంటానని, తీసుకున్నదాని ట్యాగు మీద డిజైనరుగా ఆ మనిషి పేరే వేయిస్తానని చెప్పింది. చెల్లెలు ఎగిరి గంతేసింది. నేను మాత్రం ఆ ట్యాగు ఎంత ఉంటుంది, అక్షరాలు ఏ సైజులో వేస్తారు అని కూడా ఆలోచించేశాను. దాని మీద నా పేరు ఉండి తీరాలి, అంతే. మా వీధిలో వాళ్ళందరికీ తలా ఒక ట్యాగు పంచాలని కూడా అనుకున్నాను.

కలెక్షన్ అంటే ఏవో నాలుగు బట్టలు అల్లి మడత పెట్టడం కాదు. ముందు దానికొక కథ కావాలి. ఏ చోటు నుంచి వచ్చింది, ఏ రంగులు, ఏ నూలు, అన్నీ ఒక పెద్ద అట్ట మీద అతికించి చూసుకోవాలి. చెల్లెలికి ఆ కథ పత్తికొండ దగ్గర రోడ్డు మీద దొరికింది. చుట్టాల పెళ్ళికి పోయి కారులో వస్తున్నాం. ధర పడిపోయిందని రైతులు టమాటాలు రోడ్డు పక్కన పారబోసి పోయారు. కారు ఆపమంది. దిగి, ఆ బురదలో చీర ఎగదోపుకుని ఫోటోలు తీసింది. పండినవి, పగిలినవి, చక్రాల కింద నలిగి ఎండకు ఇటుక రంగుకు తిరిగినవి, ఇంకా పచ్చి తొడిమతో ఉన్నవి. నేను స్టీరింగ్ పట్టుకుని, మ్యాట్లన్నీ పాడు చేస్తావు ఎక్కు అని అరుస్తున్నాను. పది రోజుల్లో ఆ రోడ్డంతా దాని అట్ట మీదికి వచ్చింది. చూసినవాళ్ళంతా అబ్బా అన్నారు. ఆ రోడ్డు మీద నేనూ ఉన్నాను. దానికీ రెండే కళ్ళు, నాకూ రెండే. నాకు కనిపించింది మాత్రం కారు మ్యాట్లు.

నేను మంగంపేట తీసుకున్నాను. మా నాన్న రిటైరయ్యేదాకా అక్కడి ముగ్గురాయి గనుల ఆఫీసులోనే పనిచేశాడు. ఆ దుమ్ముతో ఏ చొక్కా అయినా ఆర్నెల్లకు ఒకటే రంగుకు వచ్చేది. ఆ తెలుపు, ఆ బూడిద, రాయి పగిలినప్పుడు లోపల కనిపించే ఆ మసక మెరుపు. అద్దకం దాదాపు లేకుండా, పత్తి తన రంగులోనే ఉండేట్టు నాలుగు ఛాయలు ఎంచుకున్నాను. చెల్లెలు నా అట్ట చూసి, బాగుందక్కా, ప్రశాంతంగా ఉంది అంది. ఆ మాటకు అర్థం నాకు తెలియదా? ఏమీ తోచనప్పుడు అనే మాట అది. ఒళ్ళు మండిపోయింది.

తరవాత నమూనా ముక్కలు. జానెడు ముక్క అల్లి, ఉతికి, ఆరబెట్టి, అప్పుడు కొలవాలి. నూలు అల్లిక నీళ్ళు తగిలితే పొడుగు తగ్గి అడ్డం సాగుతుంది. ఉతక్కుండా కొలిస్తే మోకాళ్ళ దాకా అనుకున్నది నడుము దగ్గర ఆగుతుంది. నేను ప్రతి ముక్కా మూడేసి సార్లు ఉతికాను. చెల్లెలు ఒక్కసారి ఉతికి, చేత్తో నలిపి చూసి, చాల్లే అనేది. దాని ముక్కలు అల్లుతుండగా ఒకరోజు మిషన్‌లో ఒక సూది విరిగింది. సూది విరిగితే అక్కడ లూపు, అంటే నూలు మెలిక, జారి, కింద దాకా సన్నటి చార పడుతుంది. మిషన్ నడిపే భాయ్ పాపం బెదిరిపోయి ముక్క విప్పేయబోయాడు. చెల్లెలు ఆపింది. ఆ ముక్కను కిటికీకి ఎదురుగా పట్టుకుని, టమాటా పగిలిన చోట ఇట్లే చీలుతుంది, ప్రతిదాంట్లో ఒక సూది తీసేసి అల్లు భాయ్ అంది. ఫోటో చూసి బెంగళూరు ఆవిడ అరగంట మెచ్చుకుంది. నా ముక్కలో లూపు జారితే అది తప్పు. దాని ముక్కలో జారితే అది డిజైన్. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

ముక్కలు కుదిరాక అసలు బట్ట. ముందొకటి అల్లి, మనిషికి తొడిగి, ఎక్కడ పట్టేసింది, ఎక్కడ వేలాడింది చూసి, కొలతలు దిద్ది మళ్ళీ అల్లాలి. షెడ్డులో బట్టలు తొడిగి చూసే బొమ్మ ఒకటే ఉంది. అది ఎప్పుడూ చెల్లెలి చేతిలోనే ఉండేది. ఎంతకని అడుక్కుంటాను? నాకు అమ్మ ఉందిలే అనుకున్నాను. అమ్మది సరిగ్గా నేను అనుకున్న సైజు. పైగా బొమ్మ చేయి ఎత్తదు, వంగదు. అమ్మ ఎత్తుతుంది, వంగుతుంది, నోరు తెరిచి చెబుతుంది కూడా.

మధ్యాహ్నం పూట వంటిల్లు సర్దుకుని పల్చటి నైటీలో వచ్చి నిలబడేది. చేతులు చాపమంటే చాపేది, తిరగమంటే తిరిగేది. "చెయ్యెత్తితే పైకి పోతాంది మే" అనేది. నేను రెండంగుళాలు పెంచేదాన్ని. "మెడ ఇంకొంచెం మూసుకుంటే బాగుంటాది" అనేది. మెడ పైకి జరిపేదాన్ని. ఒకసారి బూడిద రంగు కార్డిగన్ చేత్తో నిమురుకుంటూ, ఇది మీ నాయన చొక్కాల రంగు గదా అంది. నా కథ చెప్పకుండానే అర్థం చేసుకున్న మనిషి అమ్మ ఒక్కతే. నేను ఎంత పొంగిపోయానంటే, ఆ వారం చెల్లెలితో మామూలుగా మాట్లాడాను. ఆరోది తొడిగినప్పుడు, ఇన్నెందుకు మే అంది. నా నోట్లో గుండుసూదులు ఉన్నాయి. ఊఁ అన్నాను.

బెంగళూరు పోయే రోజు శుక్రవారం. ఇద్దరివీ ఆరారు బట్టలు ఇస్త్రీ చేసి మంచం మీద పరిచాం. చెల్లెలివి ఒక వైపు ఎర్రగా, నారింజగా, పచ్చగా. నావి ఒక వైపు తెల్లగా. నిజం చెప్పాలంటే ఆ పొద్దున వెలుతురులో నావే బాగున్నాయి. కుట్టు తిన్నగా, భుజం భుజంలా, ఎక్కడా పోగు లేవకుండా. కారు ఎక్కే ముందు టిఫిన్ తిందామని వంటింట్లోకి పోయాను. చెల్లెలు స్నానానికి పోయింది. నేను తిని వచ్చేసరికి అమ్మ మంచం పక్కన గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. నా ఆరు బట్టలకూ, ఒక్కోదానికి ఒక్కో మూల, తడి పసుపు బొట్టు.

చెల్లెలి వాటి మీద ఒక్క చుక్క లేదు.

పసుపు సంగతి మాకు బాగా తెలుసు. సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. ఎండలో పడేస్తే పోతుంది గానీ ఒక రోజు పూర్తిగా పడుతుంది. బెంగళూరు ఆవిడ సాయంత్రానికల్లా రమ్మంది. తెల్లటి బట్ట మీద, అందులోనూ తెలుపే కథ అయిన బట్ట మీద పచ్చటి మరక. నాకు కళ్ళు తిరిగాయి. పసుపు కాదు, పసుపు లేని ఆ రెండో వైపు చూసి తిరిగాయి. అమ్మకు ఎంత జాగ్రత్త చెల్లెలి సొత్తంటే. వాటిని కనీసం ముట్టుకోలేదు. నావంటే ఎంత అలుసు!

"దానివి ముట్టుకోకుండా నావే దొరికినాయామ్మా నీకు?" అన్నాను.

అమ్మ నా వైపు వింతగా చూసింది.

"కొత్త గుడ్డ పసుపు పెట్టకుండా యెట్లేసుకునేది మే? దానివి అమ్మేటివి గదా, వాటికెందుకు పెడతా. నువ్వు ఇన్నాళ్ళు కొలతలు తీసి తీసి నాకని అల్లితివి. ఈ పొద్దు శుక్రారం, మంచిదని పెట్టినా." నా మొహంలోకి చూసి, "నాకే గదా?" అంది.

ఆ ఒక్క మాట దగ్గర అమ్మ మొహం మారిపోవడం చూశాను. కాదంటే ఏమవుతుందో అందులో మొత్తం కనిపించింది. చేతిలో గిన్నె ఇంకా పట్టుకునే ఉంది. ఆ ట్యాగు, దాని మీద నా పేరు, మా వీధి, అన్నీ నాలిక చివర దాకా వచ్చాయి.

"నీకే" అన్నాను.

చెల్లెలు తల తుడుచుకుంటూ వచ్చి, మంచం చూసి, నా కార్డిగన్ ఒకటి తీసి ఆ బొట్టును వెలుతురుకు పట్టి చూసింది. తరవాత, ఆవిడకు ఫోన్ చేసి సోమవారానికి మార్పిస్తానంది, ఎండలో వేద్దామంది. అది అట్లా మంచిగా ఉండేసరికి నాకు ఇంకా మండింది. నావి వద్దులే, అవి అమ్మకు అల్లినవి అని చెప్పి, దాని బట్టలే మడతలు పెట్టి పెట్టెలో సర్దాను. దాని కాలరు ఒకటి వంకరగా ఉంటే ఆవిరి పట్టి సరిచేసి మరీ పెట్టాను. అంతకంటే ఏం చేయాలి?

చెల్లెలు ఒక్కతే పోయింది. దానివి ఆరుకు ఆరూ తీసుకున్నారు. ట్యాగు మీద దాని పేరు. ఇప్పుడు వీధిలో ఎవరిని అడిగినా, డిజైనరు ఇంటికి దారి ఇది అని చూపిస్తారు. కొలతల పట్టీలన్నీ నేనే దిద్దాను, దాని సైజులన్నీ నేనే లెక్కగట్టాను. అది ట్యాగు మీద పట్టదు గదా. కుళ్ళు పోయిందా అంటే పోలేదు. ఎవరైనా చెల్లెలిని మెచ్చుకుంటుంటే నేను ఇప్పటికీ ఏదో పని ఉన్నట్టు షెడ్డులోకి పోతాను.

కాని బెంగళూరు నుంచి అది తిరిగొచ్చిన మరునాడు ఇంకొకటి జరిగింది. అమ్మ నేను అల్లిన బూడిద రంగు కార్డిగన్ వేసుకుని, ఆ ఎండలో, చెమటలు కారుతూ, పక్కింటావిడకు చూపించడానికి పోయింది. చెల్లెలు గడపలో కూర్చుని అటే చూస్తోంది. అది అంత పెద్ద ఆర్డరు తెచ్చుకున్న మనిషిలా లేదు. నా వైపు తిరక్కుండానే అడిగింది.

"అమ్మ నా వాటిల్లో ఒకదానికన్నా పసుపు యెందుకు పెట్టలేదక్కా?"

ఆ గొంతు నాకు కొత్త కాదు. ఏళ్ళ తరబడి నా లోపల నేను వింటున్న గొంతే. అమ్మ పొరబాటు పడిందని, అవి ఎవరి కోసం అల్లానో ఒక్క మాట చెబితే అయిపోయేది.

"నువ్వు యెప్పుడన్నా అమ్మకు కొలతలు తీసినావా?" అన్నాను.