పెండ్లిచూపులకు పోయిన రెండు సీట్ల కారు

నేను పెండ్లిచూపులకు పోయిన నాడు పిల్ల మొకం సక్కగ చూడనే లేదు. జడ చూసిన. అది సుత వెనుక నుంచి, కారు నూకుకుంట. నవ్వకుండ్రి, చాయ్ తాగుకుంట వినుండ్రి, మొత్తం చెప్త.

అప్పట్ల మేము అమీర్‌పేటల ఉండేటోళ్లం. ఇప్పటి అమీర్‌పేట అనుకునేరు. మా ఇంటి వెనుక జొన్నచేను, ముందల కంకర రోడ్డు. బేగంపేట దిక్కు విమానం లేచిందంటే వాడకట్టంత బయటికొచ్చి మెడలు పైకెత్తి చూసేది. అవి యుద్ధం నడుస్తున్న రోజులు. నేను లక్డీకాపూల్ దగ్గర ఒక దఫ్తర్ల కొత్తగ గుమాస్తా పనిల చేరిన. మా నాయిన నా చిన్నప్పుడే పోయిండు. మా అమ్మ తమ్ముడు జయానందం మామనే ఇంటికి పెద్ద.

మామ పెండ్లి చేసుకోలె. ఆయనకున్న సంసారమంత ఒక కారు. సికింద్రాబాద్‌ల ఒక ఇంగ్లీషు దొర వాళ్ల దేశం పోతూ పోతూ మామకు అమ్మిండు. రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, ఆకుపచ్చ రంగు, ఇంత పొడుగు మూతి. పైన బట్ట కప్పు చినిగిపోయి ఉండె. వాన పడితే కారుల కూసున్నోడు తడుస్తడు, పక్క పొంటి నడిచేటోడు గొడుగు పట్టుకొని పోతడు. అయినా ఐతారం నాడు ప్రార్థనకు ఆ కారుల పోతుంటే మాకు ఎంత గర్వముండెనో చెప్పలేను. మామ నడుపుడు, రిపేరు చేసుడు రెండూ నాకు నేర్పిండు. అంటే ఆయనకు వచ్చినంత నేర్పిండు. ఇప్పుడు తెలుస్తుంది, అది పెద్దగ ఏం కాదు.

గా కారు ఇంజన్ పక్కన డిస్ట్రిబ్యూటర్ అని ఒక నల్ల డబ్బా ఉంటది. నాలుగు ప్లగ్గులకు నాలుగు వైర్లు పోతయి అందుల నుంచి. ఏ ప్లగ్గుకు ఎప్పుడు నిప్పురవ్వ పంపాలెనో చూసుకునేది అదే. కింద నట్టు వదులు చేసి డబ్బాను జర ఇటు తిప్పితే నిప్పు ముందుగల్ల పడ్తది, అటు తిప్పితే ఆలస్యంగ పడ్తది. టైమింగ్ అంటే గంతే. వెంట్రుకంత తేడా వచ్చినా బండి నడక మారిపోతది.

ఆ వారం బండి జర మబ్బుగ నడుస్తుండె. ఎత్తు ఎక్కుమంటే ముసలాయన లెక్క దగ్గుకుంట నిలబడేది. ఐతారం పొద్దుగాల ప్రార్థన అయినంక పంజాగుట్టల డేవిడ్ పంతులుగారింటికి పిల్లను చూడనీకి పోవాలె. ఆయన మిషన్ బడిల పంతులు, మంచి పేరున్న మనిషి. సంబంధం కుదిరితే మా అమ్మ గుండె మీది బరువు దిగుతది. గందుకే శనివారం సాయంత్రం నేను బానెట్ లేపి, నట్టు వదులు చేసి, డబ్బాను కొద్దిగ ముందుకు తిప్పి బిగించిన. మామకు చెప్పలె. రేపు బండి సాఫీగ పోతుంటే ఆయనే అడుగుతడు, అప్పుడు చెప్దామని ఊకున్న.

మామ సుత ఐతారం తెల్లారంగనే లేచి, నేను పండుకొని ఉండంగనే, అదే నట్టు వదులు చేసి, అదే డబ్బాను అదే దిక్కుకు తిప్పిండు. ఆయనకు సుత నాకు చెప్పబుద్ధి కాలె. ఎందుకంటే, మేనల్లుని ముంగట ఉస్తాద్ అనిపించుకోవాలె గద.

బండిని అలపొద్దని ఆ పొద్దు ప్రార్థనకు నడిచే పోయి ఇంటికొచ్చినం. మామ కోటు తొడుక్కొని, ఇంజన్ అంటుకునేటందుకు బండి మూతిల హ్యాండిల్ పెట్టి తిప్పిండు. నిప్పు మరీ ముందుగ పడ్డట్టుంది, హ్యాండిల్ ఎనుకకు తిరిగి ఫట్టుమని మామ చేతి మణికట్టు మీద కొట్టింది. మామ చెయ్యి చంకల పెట్టుకొని, కండ్ల నీళ్లు తిరుగుతుంటే, "ఇంజన్ ఇయ్యాల మంచి జోరు మీదున్నది సాల్మన్. నువ్వే నడుపు" అన్నడు.

నేను తిప్పితే ఎట్లనో అంటుకుంది. బయలుదేరినం. ఇంజన్ల నుంచి డబ్బాల గోళీలు పోసి ఊపినట్టు ఒకటే చప్పుడు. నేను మామ దిక్కు చూసిన, మామ నా దిక్కు చూసిండు. పంజాగుట్ట చేరంగ ఒక చిన్న ఎత్తుండేది, రెండు దిక్కుల బండలు, చింతచెట్లు. ఇప్పుడు ఆ సిగ్నల్ కాడ నిలబడి ఎంత యాది చేసుకున్నా ఆ ఎత్తు ఎక్కడుండెనో నాకు తెలుస్తలేదు. అంత చదును చేసేసిండ్రు. గా ఎత్తు సగం ఎక్కినమో లేదో, ముందల నుంచి ఆవిరి లేచింది, ఇంజన్ ఆగిపోయింది.

అక్కడి నుంచి పంతులుగారిల్లు కనిపిస్తనే ఉంది. వాకిట్ల కుర్చీలు వేసి, బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి, మా కోసం ఎదురుచూస్తున్నరు. మామ మొకం చిన్నబోయింది. "నడిచి పోతే ఇజ్జత్ పోతది. జల్ది చెయ్యి" అన్నడు. నేను డిస్ట్రిబ్యూటర్ మూత తీసిన. నాలుగు వైర్లు పీకి, మా అమ్మ ఇస్త్రీ చేసి పెట్టిన జేబురుమాలుతోని తుడిచిన. మళ్ల పెట్టేటప్పుడు ఏది ఎక్కడుండెనో సోయి లేదు. చేతికొచ్చినట్టు గుచ్చిన. హ్యాండిల్ తిప్పిన.

వెనుక గొట్టం నుంచి ఢామ్మని తుపాకి పేలినట్టు పేలింది. చెట్టుకింద కూసున్న ఒక పెద్దాయన బాంబు పడ్డదనుకొని బోర్లపడుకొని చెవులు మూసుకున్నడు. అప్పుడే మల్లయ్య అనే ఆయన బర్లను తోలుకొని పోతున్నడు. అవి తోకలు లేపి తలా ఒక దిక్కు ఉరికినయి. అన్నిట్ల పెద్ద బర్రె సీదా పంతులుగారి వాకిట్లకు పోయింది. కుర్చీలు పడ్డయి. తెల్ల గుడ్డ దాని కొమ్ములకు చిక్కి బల్ల మీదికెళ్లి లేచిపోయింది.

కొద్దిసేపటికి ఆ బర్రెను అదిలించుకుంట ఒక అమ్మాయి రోడ్డు మీదికొచ్చింది. గంజి పెట్టిన చీర, చేతుల కట్టె. నేను మసి మొకంతోని బానెట్ల తల పెట్టి ఉన్న.

"ఏమన్న, గీ బండి నీదేనా?" అనడిగింది.

"మా మామది" అన్న.

"జర పక్కకు పెట్టుకోరాదే. మా ఇంటికి చుట్టాలు వచ్చేదుంది, వాళ్లకు తొవ్వ ఉండదు."

ఆ చుట్టాలం మేమే అని ఎట్ల చెప్పాలె? నన్ను అన్న అన్నదాయె. అంతల్నే నొప్పికి ఓపిక తప్పిన మామ నా మీద లేచిండు. "నేను పొద్దుగాలనే టైమింగ్ పెట్టిన. సక్కగుండాల్సిన బండి. నువ్వేం చేసినవు రా?"

"నువ్వు పెట్టుడేంది మామా? నిన్న సాయంత్రమే నేను పెట్టిన గద."

ఇద్దరం ఒకరి మొకం ఒకరు చూసుకున్నం. ఆమె కట్టె మీద చెయ్యి ఆనించి మమ్ములను చూసింది. "ఒకే ఇంట్ల ఉంటరు గదా. ఒక మాట చెప్పుకుంటే ఏమైతుండె?" అన్నది. కోపం లేదు ఆ మాటల. నిజంగ తెలుసుకుందామనే అడిగింది.

ఇంతల పంతులుగారు వచ్చిండ్రు. మామను గుర్తుపట్టి, "మీరేనా" అన్నరు. ఆమెకు అప్పుడు సమజైంది. కట్టె కింద పడేసి కొంగు సర్దుకుంది. అట్లనే ఇంట్లకు ఉరుకుతుండె గని, పంతులుగారు ఆపిండ్రు. బండిని రోడ్డు మీదికెళ్లి తియ్యాలె. మామ చెయ్యి ఉబ్బిపోయి స్టీరింగ్ చక్రం పట్టుకోలేడు. నేను, పంతులుగారు, మల్లయ్య నూకాలె. "ఎస్తేరూ, నువ్వు ఎక్కి చక్రం పట్టుకో బిడ్డా, సిగ్గుకు తర్వాత టైముంది" అన్నరు.

గట్ల పంతులుగారి బిడ్డ ముందల కూసున్నది, పెండ్లికొడుకు వెనుక నుంచి నూకిండు. కండ్ల ముంగట నల్లటి జడ, దానికొక మల్లెదండ. ఆమె కారు చక్రం పట్టుకునుడు అదే మొదటిసారట. ఒక్క కుర్చీకి సుత తాకకుండ వాకిట్లకు తిప్పింది.

చేతులు కిరసనాయిలు పెట్టి కడుక్కున్నా మసి పోలె. గా చేతులతోనే చాయ్ తాగిన. తర్వాత మామ, నేను మంచిగ పక్కపక్కన కూసొని, ఈసారి ఒకరికొకరం చెప్పుకుంట, వైర్లు సరైన వరుసల పెట్టినం, డబ్బాను ఎనుకకు తిప్పినం. రెండోసారి హ్యాండిల్ కొట్టంగనే ఇంజన్ సాఫీగ అంటుకుంది. మామ నా భుజం మీద మంచి చెయ్యి వేసిండు. ఆ బరువు ఇప్పటికీ నాకు యాదికున్నది.

లేచేముందు పంతులుగారు లోపలికి పోయి బిడ్డను అడిగిండ్రు. పరదా అటు దిక్కు నుంచి మాకంత వినపడ్తనే ఉంది.

"పిల్లగాడు ఎట్లనిపించిండు బిడ్డా?"

మెల్లగ, "నడుపుడు రాదు గని నూకుడైతే మంచిగ నూకిండు నాయినా" అన్నది.

మామ ఉబ్బిన చెయ్యి ఒళ్లో పెట్టుకొని నవ్విండు. పంతులుగారు బయటికొచ్చి, "మాకు ఇష్టమే. ఒకటే షరతు. పెండ్లినాడు ఆ కారు మీ ఇంటి కాడనే ఉండాలె" అన్నరు. ఉట్టిగ అన్నరేమో అనుకున్న. పెండ్లినాడు పొద్దుగాలనే మా గుమ్మం ముందల ఒక జట్కా పంపిండ్రు.

జట్కాలనే పోయిన. గుర్రం టైమింగ్‌ల ఏ లోపం రాలె. నేను దాని జోలికి పోలె గద.