సౌండు తీసేసి చదివించిన టీచర్

పక్కగదిలో మా తమ్ముడి కూతురు ట్యాబ్‌లో కథ పెట్టుకుంది. పేజీ అయిపోగానే చప్పట్ల మోత, వెనకే ఒక తియ్యని ఆడగొంతు: "శభాష్! చాలా బాగా చదివావు!" పిల్ల అసలు నోరే విప్పలేదు, అటుకులు తింటోంది. నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. లేచి వెళ్లి సౌండు తగ్గించేసరికి నావైపు గుర్రుగా చూసింది. దాని తప్పేం లేదు. ఆ వయసులో అలాంటి చప్పట్లకు నేనూ పొంగిపోయినదాన్నే. ఆ పొంగు మీద నీళ్లు చల్లిన మనిషి మా రత్నం టీచర్. ఇవాళ నేను పుస్తకం తెరిచి హాయిగా చదువుకుంటున్నానంటే అది ఆమె పుణ్యమే.

మెట్టుగూడలో రైల్వే క్వార్టర్లను ఆనుకుని ఉండే చిన్న బడి మాది. ఉమ్మడి రాష్ట్రం రోజులు. కంప్యూటరంటే ఇంకా చెప్పులు బయట విప్పి చూడాల్సిన వస్తువు. ఎవరో దాత ఇచ్చిన ఒక్కగానొక్క కంప్యూటరును, పిల్లలు పాడుచేస్తారని హెడ్మాస్టరు గారు గదిలో పెట్టి తాళం వేశారు. రత్నం టీచర్ తెనాలి వైపు నుంచి వచ్చి స్థిరపడిన క్రైస్తవుల ఇంటి మనిషి. రిటైర్మెంటు దగ్గరపడిన వయసులో పట్టుబట్టి కంప్యూటరు నేర్చుకుంది. "పిల్లలు ముట్టుకోని కంప్యూటరు ఉంటేనేం, లేకపోతేనేం అండీ?" అని పోట్లాడి తాళంచెవి సంపాదించింది. ఆయుధపూజనాడు మా ప్యూను భక్తికొద్దీ కీబోర్డు నిండా పసుపు కుంకుమలు చల్లితే, ఆమె ఎవరినీ ఒక్క మాట అనలేదు. దాన్ని బోర్లించి తట్టి, పాత టూత్‌బ్రష్షుతో సందు సందూ తుడుస్తూ సాయంత్రం దాకా కూర్చుంది. ఆ ఓపిక చూశాకే నాకు ఆమె మీద గురి కుదిరింది.

నాకేమో ఐదో తరగతికి వచ్చినా చదవడం రాలేదు. అక్షరాలు విడివిడిగా గుర్తుపట్టేదాన్ని, నాలుగు కలిస్తే తల తిరిగేది. మా నాయిన సీతాఫల్‌మండిలో ఇస్త్రీ బండి నడిపేవాడు. తనకు అక్షరం ముక్క రాకపోయినా నన్ను చదివించాలని ఆశపడ్డాడు, చివరికి విసిగిపోయాడు. "ఈ ఏడు సుత సదువు రాకపాయెనంటే బడి బంద్. రెజిమెంటల్ బజార్ల కుట్టుమిషన్ కాడ కూసోబెడ్త" అని తేల్చి చెప్పాడు. నాకు భయంతో అన్నం సహించేది కాదు.

సరిగ్గా అప్పుడే టీచర్ ఆ కంప్యూటర్లో తెలుగు చదివించే సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టించింది. లోపలి గొంతు కథ చదువుతుంటే తెర మీద ఒక్కో మాటా పసుపురంగులో వెలిగేది. నేను ఆ గదికి అతుక్కుపోయాను. కొన్ని వారాలకు మేకపిల్ల కథ గడగడా చదివేశాను. బడికి నాయినను పిలిపించారు. ఆయన ముందు మళ్లీ చదివాను. కంప్యూటరు శభాష్ అంది, క్లాసంతా చప్పట్లు కొట్టింది, నాయిన తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. చదవడమంటే అదేననుకున్నాను, నిజంగానే.

అందరూ వెళ్లాక టీచర్ నన్ను ఆపింది. సౌండు తీసేసి, బొమ్మ దాచేసి, కథ మధ్యలోని ఒక్క వాక్యం తెర మీద ఉంచింది. "ఇది చదువమ్మా" అంది. నేను కథ మొదటినుంచి ఎత్తుకున్నాను. ఆమె ఆపలేదు. అంతా విని, కుర్చీ నా పక్కకు లాక్కుంది.

"మా అమ్మ కూడా ఇంతే. చర్చిలో పాటల పుస్తకం పట్టుకుని ఒక్క మాట తప్పకుండా పాడేది. అందరితోపాటు పేజీ తిప్పేది. ఆమెకు చదువు రాదని నాకు తెలిసేసరికి నా పెళ్లి కూడా అయిపోయింది. ఎంత బాగా పాడతావమ్మా అని మెచ్చుకున్నవాళ్లే గానీ, కూర్చోబెట్టి నేర్పినవాళ్లు లేరు. ఇందాక పేజీ మారకముందే నీ నోట్లోంచి మాట వచ్చేసింది. నాకు మా అమ్మే కనిపించింది."

నాకు ఏడుపు ఆగలేదు. "నాయినకు చెప్పకున్రి టీచర్, బడి మాన్పిస్తడు."

"చెప్పకపోతే నీకు వచ్చేసిందనుకుంటారు. ఇక నిన్నెవరూ పట్టించుకోరు. అప్పుడెలా?" అంది.

మర్నాడే నన్ను వెంటబెట్టుకుని ఇస్త్రీ బండి దగ్గరకు వచ్చింది. విషయం విని నాయిన మొహం మాడిపోయింది. "గంత మందిల చప్పట్లు కొట్టిచ్చి, ఇప్పుడు రాదంటే ఎట్ల మేడం? ఏందీ పరేషాన్?"

"తప్పు నాదండీ. కంప్యూటరు మెచ్చుకుంటే నేనూ నమ్మేశాను. ఈ వేసవి సెలవులు నాకివ్వండి. బళ్లు తెరిచేనాటికి రాకపోతే మీ ఇష్టం." ఒక టీచరు నడివీధిలో తప్పు నాదని అనడం మేమిద్దరం ఎన్నడూ వినలేదు. నాయిన చేతిలోని చొక్కా ఇస్త్రీ పూర్తిచేసి మడతపెట్టాడు. తర్వాత, "సరే, గప్పటిదాంక జూస్త" అన్నాడు.

ఆ సాఫ్ట్‌వేర్‌లో మన కథ మనమే రాసుకుని, మైకులో చదివి దాచుకునే వీలుంది. ఎవరూ దాని జోలికి పోలేదు. టీచర్ మేకపిల్లను పక్కనబెట్టి నా కబుర్లు అడిగింది. "బొగ్గులు రాజేస్తె పొగ కండ్లల్ల వడ్తది" అని నేనంటే అలాగే టైపు కొట్టింది. "పుస్తకంల గిట్ల ఉండదు గద టీచర్?" అన్నాను. "ముందు నీ మాట నువ్వు చదువు. పుస్తకం మాటలు వెనకాలే వస్తాయి" అంది. మర్నాటికి నా వాక్యాల వరస మార్చేసేది, మాటలు అటూ ఇటూ చేసేది, బట్టీ పట్టడానికి వీల్లేకుండా. ఆ వేడిగదిలో చెమటలు కక్కుతూ, వేలు పెట్టి, కూడబలుక్కుని చదివేదాన్ని. కంప్యూటర్లోంచి నా గొంతే నాకు వినిపించేది, తడబాట్లతో సహా. ఆమె శభాష్ అనేది కాదు, "ఇంకోసారి" అనేది. నాకు ఆమె మీద పట్టరాని కోపం వచ్చేది. అయినా పొద్దున్నే అందరికంటే ముందు వెళ్లి గది ముందు నిలబడేదాన్ని.

బళ్లు తెరిచే ముందు నాయిన వచ్చాడు. టీచర్ నన్ను గేటు దాకా పంపేసింది. "మీకు తోచిన మాట ఏదైనా చెప్పండి, నేను కొడతాను" అని ఆయనను అడిగిందట. కాసేపటికి నన్ను పిలిచారు. తెర మీద బొమ్మ లేదు, గొంతు లేదు, నేనెప్పుడూ చూడని వాక్యం ఉంది. వేలు పెట్టాను. "నా... బిడ్డ... మి... మిషన్..." అక్కడ కుట్టుమిషన్ గుర్తొచ్చి వేలు తీసేశాను. టీచర్ తల ఊపలేదు, సాయం చెయ్యలేదు. మళ్లీ వేలు పెట్టాను. "నా బిడ్డ మిషన్ కాడికి పోదు. బడికే పోతది."

చదివాక గానీ అర్థం తలకెక్కలేదు. నాకు చదువు వచ్చిందో లేదో తెలియకముందే నాయిన ఆ మాట చెప్పేశాడు. తాను చదవలేని తన మాట నా నోట విని, తెరనూ నన్నూ మార్చి మార్చి చూశాడు. "నేను గిదే అన్న మేడం, గిదే!" అన్నాడు. రత్నం టీచర్ కళ్లద్దాలు తీసి చీరచెంగుతో తుడుచుకుంటూ కిటికీ వైపు తిరిగింది.

ఆమె ఇప్పుడు లేదు. నేను ఆమె పనే చేస్తున్నాను, చదవలేని పిల్లలకు చదవడం నేర్పుతున్నాను. ప్రతి పిల్ల చదువు చివరా తల్లినో తండ్రినో పిలిపిస్తాను. పిల్లను బయటికి పంపి, ఒక మాట చెప్పమంటాను. "ఏం చెప్పాలె మేడం?" అని వాళ్లు బెదురుగా అడుగుతారు. మీ బిడ్డతో ఇన్నాళ్లూ అనలేకపోయింది చెప్పండి, అంటాను.