ఫెర్మిన్‌కి గది దొరికిన వైనం

మా ఒరూరో ఊళ్లో కార్నివాల్ పండగ వచ్చిందంటే అందరికీ బ్యాండు కావాలి. బ్యాండువాడికి గది మాత్రం ఎవరూ ఇవ్వరు. ఫెర్మిన్‌నే చూడండి. మనిషి ఇంతే ఉంటాడు, వాయించే ఇత్తడి బూర మాత్రం మూడేళ్ల పిల్లాడంత. తెల్లారగానే సాధన చెయ్యకపోతే పెదాలు మొద్దుబారతాయంటాడు. సాధన మొదలెట్టిన వారానికే ఇంటివాళ్లు అతని మంచం వీధిలో పెట్టేవాళ్లు.

మొన్న జనవరిలోనూ అంతే అయింది. ఈసారి భార్య సెనోబియా తెగేసి చెప్పింది.

"పండగలోపు గది దొరక్కపోతే నేను మా అమ్మ దగ్గరికి పోతా. నువ్వు ఆ బూరలో కాపురం పెట్టుకో."

ఇద్దరూ వీధివీధీ తిరిగారు. తలుపు తీసినవాళ్లు ముందు బూర వంక చూసేవాళ్లు, తర్వాత "నిన్ననే ఇచ్చేశామయ్యా" అనేవాళ్లు. అద్దెకు ఇస్తామన్న కాగితం కిటికీకి అలాగే వేలాడుతుండేది.

ఆఖరికి సెనోబియా బూరని చారల దుప్పటిలో చుట్టి, మా ఆడవాళ్లు పిల్లల్ని మోసినట్టు వీపున కట్టుకుంది. అలా మా ఇంటికొచ్చారు. మా ఆయన గుమర్సిందో కిందటి వానల్లో పోయాక ఆయన గది ఖాళీగా ఉంది.

"పిల్లలొద్దని కాగితం మీద రాశాను కదమ్మా," అన్నాను.

"వీడు ఏడవడు సెన్యోరా. ఇంతవరకూ ఒక్కసారి కూడా ఏడవలేదు," అన్నాడు ఫెర్మిన్.

"గోల చెయ్యడా?"

సెనోబియా మొగుడి వంక కొరకొరా చూసింది. "వాళ్ల నాన్న చేయిస్తేనే."

అంత చలిలో కిక్కురుమనకుండా ఉన్న బిడ్డని చూసి నాకు ముద్దొచ్చింది. ఇలాంటి పిల్లాడైతే ఉండనీ అనుకున్నాను. వేడివేడి మొక్కజొన్న జావ తెచ్చి, బుగ్గ తడుముదామని దుప్పటిలో చెయ్యి పెట్టాను. మంచుగడ్డ!

"ఓరి నాయనో, బిడ్డ చల్లబడిపోయాడు!"

నా కేకకి పక్కింటి ఫిలొమేనా ఒళ్లు రుద్దే సారా సీసాతో పరిగెత్తుకొచ్చి, ముడి విప్పేసింది. చాటంత ఇత్తడి నోరు బయటపడింది.

"పాపం, ఈ బిడ్డకి ఒంట్లో నోరొక్కటే ఎదిగింది," అంది ఫిలొమేనా.

ఫెర్మిన్ టోపీ తీసి నలుపుతూ నిలబడ్డాడు. "ముందే చెబితే తలుపు తియ్యరు కదా సెన్యోరా."

సెనోబియా అప్పటికే దుప్పటి మడత పెడుతోంది. "నేను పోతున్నా. మా ఊరి బస్సు ఇంకా ఉంటుంది."

కోప్పడాలో నవ్వాలో నాకు తెలియలేదు. "ఆగమ్మా," అని ఫెర్మిన్ వైపు తిరిగాను. "ఏదీ, మొరెనాద వాయించు. మా ఆయన ఏటా పండక్కి వేషం కట్టి ఆ నాట్యం ఆడేవాడు."

ఊదాడు. పోం... పోం పోం... పోం. కిటికీ అద్దాలు వణికాయి.

"ఇది మొరెనాదా?"

"అదే సెన్యోరా. పాటంతా ట్రంపెట్లవాళ్ల దగ్గరుంటుంది. నా దగ్గర దాని కాళ్లే ఉంటాయి."

మళ్లీ ఊదమన్నాను. ఆ కాళ్ల మీద పాటని నేనే సన్నగా కూనిరాగం తీశాను. బరువైన ఆ వేషంలో గుమర్సిందో మూల తిరిగేటప్పుడు ఒక్క అడుగు ఆలస్యంగా వేసేవాడు. అక్కడికొచ్చేసరికి నా గొంతూ ఆలస్యమైంది. ఫెర్మిన్ నాకోసం ఆగాడు. ఫిలొమేనా గోడవైపు తిరిగి నిలబడింది.

పాట అయ్యాక తాళంచెవి తెచ్చి సెనోబియా చేతిలో పెట్టాను. "సాధన పెరట్లో, బట్టలుతికే తొట్టి దగ్గర. అదీ పొద్దున తొమ్మిది దాటాకే."

ఆమె తాళంచెవి గుప్పిట్లో బిగించింది.

"పది అనండి సెన్యోరా. నాకూ నిద్ర కావాలి."